పాలకోవా అరలో మహారాణి

నాగేశమన్న ఎవరింటికి వెళ్ళినా బాగున్నారా అని అడగడు. ఆ ఇంట్లో గాలికి తేమ ఎంత ఉందో చెబుతాడు.

దానికోసం ఆయన చొక్కా జేబులో అరచేతిలో పట్టేంత గుండ్రటి మీటరు ఒకటి ఎప్పుడూ ఉంటుంది. గడప బయట చెప్పులు విడుస్తూనే దాన్ని తీస్తాడు. ముల్లు నిలబడేదాకా ఇంటివాళ్ళు కూడా నిలబడాల్సిందే. ముప్పై లోపు ఉన్న ఇంట్లో చాయ్ ముట్టడు. తాగితే అలాంటి ఇళ్ళను ప్రోత్సహించినట్టవుతుందట. నలభై దాటితే కూర్చుంటాడు. యాభై ఉంటే కూర ఏం వండారని కూడా అడుగుతాడు. ఎండలు ముదిరినప్పటి నుంచి మిరుగు వానల దాకా సిద్దిపేటలో యాభై ఉన్న ఇల్లు దొరకదు కాబట్టి, వాళ్ళావిడ రాధాబాయి వదినె వంట ఏనాడూ మిగిలిపోలేదు.

నాది ఫోటో ఫ్రేముల దుకాణం. దేవుళ్ళు, పెళ్ళికొడుకులు, పోయినవాళ్ళు అందరూ నా గోడ మీద ఒకే వరసలో సర్దుకుని ఉంటారు. మొదటిసారి లోపలికి వచ్చినప్పుడు ఆయన ఆ వరస అంతా జాలిగా చూశాడు.

"ఇరవై ఎనిమిది. తమ్మీ, నీ దుకాణంల దేవుండ్లకు గూడ పెదవులు పలుగుతయి."

అంటూనే చేతిసంచిలోంచి మంగలి షాపులో వాడే స్ప్రే సీసా తీసి బుస్సుమని కొట్టాడు. ఆ రోజు ఒక పెళ్ళికొడుకు చెంప మీద పడ్డ చుక్క ఇప్పటికీ పోలేదు. వాళ్ళింట్లో పిల్లలు దాన్ని పుట్టుమచ్చ అనుకుంటున్నారట. నేను దిద్దబోలేదు.

ఇబ్రహీంపూర్‌లో మా మేనమామ కూతురి పెళ్ళికి కూడా ఆయన్ను పిలిచాం. బుద్ధి తక్కువై పిలిచాం. దండలు మార్చుకునే వేళకు పెళ్ళికూతురి చేతిలో దండ లేదు. మంటపమంతా వెతికాం, పెళ్ళివాళ్ళ డీసీఎం బండి కింద కూడా వెతికాం. చివరికి కూలర్ ముందు కర్రకు దండ వేలాడుతోంది, పక్కన నాగేశమన్న మీటరు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏందన్నా గిది?" అన్నాను పళ్ళు కొరుకుతూ.

"మంటపంల ముప్పైనే ఉన్నది, గీడ అరవై రెండు. ఇప్పుడు చూడు పూలెంత మంచిగున్నయో. పిల్ల మొఖం గూడ జర గీడికే తోల్కరావాల్సుండె."

ఈ పిచ్చికి మూలం భివండిలో ఉంది. ముప్పై ఏళ్ళు అక్కడ పవర్‌లూమ్ షెడ్డులో పనిచేశాడు. గాలి ఎండితే పోగు తెగుతుంది, పోగు తెగితే మగ్గం ఆగుతుంది, మగ్గం ఆగితే సేటు నోరు ఆగదు. అందుకని షెడ్డులో గాలి ఎండకుండా చూడటమే ఆయన ఉద్యోగం. పని మానేసి ఊరికి వచ్చేస్తుంటే, ఏం కావాలో కోరుకోమన్నాడట సేటు. ఈయన మీటరు కోరుకున్నాడు. ఆ సంగతి ఎత్తితే రాధాబాయి వదినె ఇప్పటికీ పప్పుగుత్తి గట్టిగా తిప్పుతుంది.

మీటరుతో పాటు తొమ్మిది కుండీలు కూడా వచ్చాయి. అక్కడి వానలకు కిటికీలో పెరిగిన మొక్కలవి. ఫెర్న్‌లు, ఆంథూరియంలు, పేరు తెలియనివి రెండు, ఒక కలాథియా. కలాథియా ఆకులు వెడల్పుగా, ఎవరో కూర్చుని కుంచెతో గీతలు గీసినట్టుంటాయి. పొద్దుగూకగానే అవి పైకి ముడుచుకుంటాయి. దాన్ని నాగేశమన్న 'మహారాణి' అంటాడు. వదినె 'సవతి' అంటుంది.

"బస్సుల నా సామాన్లు మీద ఏసిండు, గీ సవతిని సీట్ల కూసోబెట్టిండు. నేను సిద్దిపేట దాక నిలవడి వచ్చిన," అని ఆమె చెబుతుంది. మొదట్లో జహీరాబాద్ దాకా అనేది. చెప్పినప్పుడల్లా దూరం పెరుగుతోంది.

మన ఎండలు భివండి మొక్కలకు ఏం తెలుసు? మొన్న ఏప్రిల్ వచ్చేసరికి ఫెర్న్‌లు ముట్టుకుంటే పొడి రాలుతున్నాయి. మహారాణి ఆకుల అంచులు మాడిన రొట్టెలా అయ్యాయి. నాగేశమన్న నా దుకాణానికి వచ్చి, మీటరు చూసి, స్టూలు మీద కూలబడ్డాడు.

"వీటికి అద్దాల ఇల్లు కట్టాలె తమ్మీ. తేమ లోపల్నే నిలవాలె, బయటికెళ్ళి జనం చూడాలె."

"ఫోన్ల దొరుకుతయి గదన్నా, తయారుగ."

ఫోన్లో చూపించాను. ధర చూసి ఫోను నా చేతిలో తిరిగి పెట్టాడు. "గా పైసలకు బర్రె వస్తది. బర్రె పాలన్న ఇస్తది. మనమే చేద్దం. అద్దం పని నీదే."

అడగలేదు, అప్పగించాడు.

ఇక్కడ మా పక్కింటి కిష్టవ్వ పెద్దమ్మ గురించి చెప్పాలి. నా దుకాణం గోడకు ఆనుకునే ఆమె మగ్గం గది. ఒకప్పుడు గల్లీలో ఇంటింటా మగ్గం ఉండేది, ఇప్పుడు ఆమెదొక్కటే మిగిలింది. గొల్లభామ చీరలు నేస్తుంది. ఆ మగ్గం దెబ్బకు నా గోడ మీద ఫ్రేములన్నీ రోజంతా సన్నగా వణుకుతుంటాయి. కొత్త గిరాకీ ఎవరైనా వస్తే దేవుళ్ళు కదులుతున్నారనుకుని దండం పెట్టుకుంటారు.

ఆమె కొడుకు రమేశ్ టైల్స్ మేస్త్రి. మొన్న చలికాలం తల్లి మగ్గం గదిని తన చేతులతో మార్చేశాడు. మట్టి నేల మీద తెల్లటి టైల్స్ పరిచాడు. మగ్గం ముందు ఆమె కాళ్ళు పెట్టుకుని కూర్చునే గుంతను పూడ్చి, మగ్గాన్ని ఇనుప స్టాండు మీదికి ఎక్కించాడు. "మా అవ్వకు ఇగ గుంతల దిగుడు, ఎక్కుడు బంద్" అని గల్లీ అంతా పిలిచి చూపించాడు. టైల్స్‌లో మొహం చూసుకోవచ్చు. నేను చూసుకున్నాను కూడా.

ఎండలు మొదలయ్యాక ఆ మగ్గం చప్పుడు కుంటడం మొదలుపెట్టింది. నాలుగు దెబ్బలు, మౌనం. రెండు దెబ్బలు, మౌనం, ఒక తిట్టు. ఏమైంది పెద్దమ్మా అంటే, "కండ్లు కనవడ్తలేవు బిడ్డా, చేతులు సాగుతలేవు. ఈ పడుగు ఒడవంగనే మగ్గం అమ్మేస్త" అంది. పడుగు అంటే మగ్గానికి నిలువునా బిగించిన దారం, మూడు చీరలకు సరిపోతుంది. అప్పటికి ఒకటిన్నర చీర అయింది. కొనేవాడు కూడా కుదిరాడు. హైదరాబాదులో ఏదో హోటల్ వాకిట్లో అలంకారానికి పెడతారట. పదకొండో ఏట మగ్గం మీద కూర్చున్న మనిషి ఆమె. ఆ మాట విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

నాగేశమన్నకు మాత్రం చీమ కుట్టినట్టయినా లేదనుకున్నాను. రోజూ వచ్చి ఆ గోడకు చెవి ఆనించి, వేళ్ళు మడుస్తూ నిలబడేవాడు.

"ఏం చేస్తున్నవన్నా?"

"తేమ వింటున్న."

"తేమ ఇనవడ్తదా?"

"ఇనేటోనికి ఇనవడ్తది," అని మళ్ళీ చెవి ఆనించాడు. మనిషికి ముదిరిందనుకుని నేను జిగురు డబ్బా మూత తీశాను.

పెట్టె దొరికింది. మిఠాయి దుకాణం లక్ష్మీరాజం కొత్త ఫర్నిచరు చేయించుకుని, పాత అద్దాల షోకేసును వెనక సందులో పడేశాడు. ఐదడుగుల టేకు చట్రం, మూడు అరలు, సగం అద్దాలు పగిలినవి. "తీస్కపోయి నాకు జాగ ఖాళీ చేస్తే నేనే చాయ్ తాపిస్త" అన్నాడు. నాగేశమన్న ఆయన దుకాణంలో తేమ కొలిచి, ఇరవై నాలుగేనని చాయ్ వద్దని, షోకేసును తోపుడు బండి మీద ఎక్కించాడు. అరల మీద 'బూందీ లడ్డు', 'బాదుషా', 'పాలకోవా' అని రంగు అక్షరాల కాగితాలు అంటించే ఉన్నాయి. దారిలో ఒకామె బండి ఆపి పాలకోవా ఎట్లిస్తున్నావని అడిగింది.

"ఇంక తయారు కాలేదమ్మా. రెండు ఆకులు రానీయి," అన్నాడు ఈయన గంభీరంగా.

నాగేశమన్న వాళ్ళ వాకిట్లో పని మొదలైంది. మిఠాయి పళ్ళాలనే అడుగున పరిచి కంకర పోసి నీళ్ళు పెట్టాం. కుండీలు కంకర మీద కూర్చుంటాయి, వేళ్ళు నీళ్ళలో మునగవు. పైన సన్నటి ఎల్‌ఈడీ లైటు. పాడైన కంప్యూటర్‌లోంచి ఒక చిన్న ఫ్యాను, దానికి పాత చార్జరు. తలుపుల అంచులకు ఎవరో పారేసిన ఫ్రిజ్ రబ్బరు. అద్దాలకైతే కొత్త షీటు కొననివ్వలేదు. నా దగ్గర ఫ్రేములు చేయించుకుని తీసుకుపోనివాళ్ళు బోలెడుమంది. ఆ ఫ్రేముల అద్దాలే కోసి, సిలికాన్‌తో ఒకదానికొకటి అతికించాను. అతుకు కనపడకుండా అతికించాను. నా గురించి నేను చెప్పుకోకూడదుగానీ, అది ఎవడి వల్లా అయ్యే పని కాదు.

మొక్కలు పెట్టి తలుపు మూశాం. సాయంత్రానికి డెబ్బై దాటింది. నాగేశమన్న మీటరును కళ్ళకు అద్దుకున్నాడు. ఆయనకు సంబరంగా ఉంది, నాకూ ఉంది.

మర్నాడు పొద్దున రాధాబాయి వదినె కేక మా ఇంటిదాకా వినపడింది. ముప్పై ఏళ్ళుగా ఆ చెక్క తాగిన మిఠాయి పాకమంతా తేమకు మెత్తబడి బయటికి కారింది. గల్లీలో చీమలన్నీ వచ్చాయి. పక్క గల్లీ చీమలు కూడా వరసగా వస్తున్నాయి. బాదుషా అర నల్లగా కదులుతోంది.

"చూడున్రి. మహారాణికి దండు గూడ వచ్చింది," అంది వదినె నడుం మీద చేతులు పెట్టుకుని.

లక్ష్మీరాజం చూడ్డానికి వచ్చి, తన దుకాణానికి కూడా ఇంత గిరాకీ ఎప్పుడూ రాలేదని ఒప్పుకున్నాడు. పెట్టెను వేడి నీళ్ళతో, చాకలి సోడాతో మూడుసార్లు కడిగి, మూడు రోజులు ఎండబెట్టి, రెండుసార్లు వార్నిష్ వేశాం. నా సిలికాన్ అంతా మళ్ళీ మొదటినుంచి వేశాను. ఒక్క మిఠాయి కాగితాలు మాత్రం నాగేశమన్న పీకనివ్వలేదు. ఏ మొక్క ఎక్కడుందో గుర్తుంటుందట. మహారాణిది పాలకోవా అర.

ఈసారి వదినె తేల్చేసింది. "గది ఈ ఇంట్ల ఉంటే నేనుండ."

నాగేశమన్న కాసేపు ఆలోచించాడు. అంతసేపు ఆలోచించినందుకు ఆయనకు ఆ పూట అన్నం దొరకలేదు. తర్వాత నన్ను వెంటబెట్టుకుని తిన్నగా కిష్టవ్వ పెద్దమ్మ ఇంటికి వెళ్ళాడు. మీటరు చూశాడు. ఇరవై ఆరు. ఆ అంకె పైకి చెప్పకపోవడం అదే మొదటిసారి. నేను పట్టించుకోలేదు.

"వదినె, నీ మగ్గం గదిల జర జాగ ఇయ్యి."

"ఎందుకయ్యా?"

"నా మొక్కల పెట్టెకు. మా ఇంట్ల ఉండనిస్తలేదు."

"మగ్గం ఇంక గీన్నే ఉన్నది గదా నాగేశం. దాన్ని పోనియ్యవా?"

"మగ్గం ఉండంగనే పెట్టుకుంట. కిటికి దిక్కు పెడితే రోడ్డు మీద పోయేటోళ్ళు గూడ చూస్తరు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆమె బతుకంతా నేసిన మగ్గం గది ఖాళీ అవుతుందని తెలిసి, ఈయన కుండీలకు జాగా చూసుకుంటున్నాడు! పెద్దమ్మ మాత్రం ఆయన్ను ఎగాదిగా చూసి, "పెట్టుకో. మగ్గం పోయే దాకనే. టైల్స్ మీద చుక్క నీళ్ళు పడొద్దు. మొన్న నేను జర చల్లి జారిపడితే నా కొడుకు బకిటనే దాసిపెట్టిండు," అంది.

బయటికి వచ్చాక అడిగేశాను. "సిగ్గు లేదా అన్నా నీకు?"

"ఉన్నది గని, దానితోని తేమ పెరగది. రేపు అద్దం కోసే కత్తి తీస్కరా. వెనక అద్దం తీసెయ్యాలె."

"తీసెయ్యాల్నా!"

తీయించాడు. నేను రెండుసార్లు అతికించిన అద్దం, నా చేతే తీయించాడు. దాని చోట ఒక గోనెపట్టా వేలాడదీసి, కింది అంచును నీళ్ళ పళ్ళెంలో ముంచాడు. గోనె నీళ్ళు పీల్చుకుని పైదాకా తడిసింది. ఫ్యానును గోనె వైపు తిప్పి బిగించాడు. పెట్టె మొహం కిటికీకి, వీపు మగ్గానికి పెట్టాడు.

"అన్నా, తేమంత వెనకకెళ్ళి పోతది. ఫ్యాను గూడ ఉల్టా పెట్టినవ్."

"ఉల్టనే ఉండాలె."

"మరి ముందట ఫ్రిజ్ రబ్బరు ఎందుకు, నా అద్దాలెందుకు, నేనెందుకు?"

"నీ అద్దాలు మస్తుగున్నయి తమ్మీ," అన్నాడు, పిల్లవాడికి చాక్లెట్ ఇచ్చినట్టు. ఆ రోజు నుంచి వారం పాటు ఆయనతో మాట్లాడలేదు. ఆయన దాన్ని గమనించలేదు, అది ఇంకా కోపం తెప్పించింది.

పెట్టె మాత్రం పేరు తెచ్చుకుంది. కాలేజీ పిల్లలు కిటికీ బయట నిలబడి ఫోటోలు దిగేవాళ్ళు. ఆయన పొద్దున, సాయంత్రం బిందెతో నీళ్ళు తెచ్చి పళ్ళాలు నింపేవాడు. కిష్టవ్వ పెద్దమ్మ వీధి అరుగు మీద నిలబడి గల్లీ అంతా వినేలా తిట్టేది. "నా ఇంట్ల జంగల్ పెట్టిండు! పాములొస్తె ఎవ్వలు జిమ్మేదారు?" తిట్టి లోపలికి వెళ్ళి మగ్గం మీద కూర్చునేది.

పది రోజులకు, పక్క అద్దం ఒకటి వదులై గిలగిల్లాడుతోందని ఆమే నన్ను పిలిచింది. నేను వెళ్ళేసరికి వెనక వంటింట్లో ఉంది. పెట్టె వెనక్కి వెళ్ళి వంగాను. చెవికి చల్లటి గాలి తగిలింది. తడి గోనెలోంచి వచ్చి, నా మీదుగా మగ్గం వైపు పోతోంది. తల తిప్పి చూస్తే మగ్గం స్తంభానికి దారంతో కట్టి ఉంది, నాగేశమన్న మీటరు. మొక్కల దగ్గర కాదు, పడుగు పక్కన.

యాభై ఎనిమిది.

పడుగులో ఒక్క పోగు తెగి లేదు. రెండో చీర అయిపోయి మూడోది సగానికి వచ్చింది. అప్పుడు తట్టింది. వారం రోజులుగా నా ఫ్రేములు ఆగకుండా వణుకుతూనే ఉన్నాయి, కోపంలో నేను వినలేదు.

బిందెతో లోపలికి వచ్చిన నాగేశమన్న నన్ను చూసి దొంగలా ఆగిపోయాడు.

"కండ్లు గావు, చేతులు గావు. గాలి ఎండి పోగు తెగుతుండె. గంతే గదా?" అన్నాను.

"మెల్లగ మాట్లాడు. గంటకు పద్నాలుగు పోగులు తెగుతుండె. గోడకెళ్ళి లెక్కవెట్టిన."

"రమేశ్‌కు చెప్తే అయిపోతుండె గదా!"

"ఏమని చెప్తం? గుంతల తడిమన్ను ఉంటెనే పోగు నిలుస్తది, దాన్ని పూడ్చినవ్ అనా? ఆ పోరడు మోకాళ్ళు అరిగేదాక కూసోని ఏసిండు తమ్మీ ఆ టైల్సు. అవ్వ మోకాళ్ళు నొయ్యొద్దని ఏసిండు. అందుకే గదా ఆమె గూడ మగ్గం అమ్ముతనంటది గని కొడుకుకు ఆ మాట చెప్పది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నీకు చెప్తే దాగుతదా? ఫ్రేము కట్టి గోడకు ఏలాడదీస్తవ్."

అది నిజం కాబట్టి నేను వదులైన అద్దం బిగించి వచ్చేశాను. వెనక అద్దం తీసినందుకు కోపం మాత్రం పూర్తిగా పోలేదు. ఆ అతుకు మీరు చూడలేదు.

నెలాఖరులో హోటల్ మనిషి మినీ లారీ తెచ్చుకుని దిగాడు. నేను దుకాణం వదిలేసి వెళ్ళాను, లక్ష్మీరాజం గల్లా వదిలేసి వచ్చాడు. నాగేశమన్న బిందె పట్టుకుని గుమ్మం పక్కన నిలబడ్డాడు, మొహంలో నెత్తురు లేదు. పెద్దమ్మ మగ్గం మీదినుంచి లేవలేదు.

"అమ్ముతలేను బిడ్డా, పో."

"మాటిచ్చిన్రు గదమ్మా!"

"ఇచ్చిన. అప్పుడు గీ మొక్కలు లెవ్వు. గీ నాగేశం తెచ్చి నా నెత్తిన పెట్టిండు. ఎవ్వడన్న కిటికీల చెయ్యి పెట్టి గుంజుకపోతే? నేను గీడ కాపల కూసోవాలె. ఊకె ఏం కూసుంట? అందుకే నేస్తున్న. పాత పడుగు ఒడిసింది, కొత్తది గూడ ఎక్కిచ్చిన. తొవ్వ ఇడువు."

ఆ మనిషి మొక్కలకేసి, మగ్గానికేసి, మా అందరికేసి చూసి, మాకు పిచ్చేమోనన్న మొహంతో లారీ వెనక్కి తిప్పుకున్నాడు. నాగేశమన్న బిందె నీళ్ళు సగం టైల్స్ మీద ఒలకబోసుకుని తిట్లు తిన్నాడు.

అందరూ వెళ్ళాక నేను ఆగి మెల్లగా అడిగాను. "పెద్దమ్మా, పెట్టె ఎందుకు తెచ్చిండో నీకు ఎరకేనా?"

"ముప్పై ఏండ్లు భివండిల చేసినోనికి ఎరకున్నది, ఇన్నేండ్లు గుంతల కూసున్నదానికి ఎరక లేదా? పెట్టె వచ్చిన నాడే తెలిసింది. చెప్తే మొఖమాటపడి తీస్కపోతడు. అందుకే రోజు తిడుతున్న." దారపు కండె మార్చుకుంటూ గొంతు పెంచింది. "ఓ నాగేశం! నీ బాదుషా ఎండిపోతున్నది, నీళ్ళెవ్వలు పోస్తరయ్యా!"

సాయంత్రం రమేశ్ నా దుకాణంలో కూర్చుని చాయ్ తాగాడు. గోడలోంచి మగ్గం ఆగకుండా మోగుతోంది. "ఇన్నవా అన్నా? టైల్స్ ఏసినంక మా అవ్వ చెయ్యి ఎంత సాఫుగ నడుస్తుందో!" అన్నాడు. నేను అవునన్నాను. నా జీవితంలో ఒక రహస్యం దాచింది ఆ ఒక్కసారే, అదీ ఇప్పుడు మీకు చెప్పేశాను. మీరు రమేశ్‌కు చెప్పకండి.

అతను వెళ్ళాక నాగేశమన్న వచ్చాడు. గడప బయట చెప్పులు విడిచి అలవాటుగా జేబులో చెయ్యి పెట్టాడు. జేబు ఖాళీ. మీటరు ఇంకా పక్కింటి మగ్గానికే ఉంది. చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు నిలబడి, ఎన్నడూ లేనిది, నా మొహంలోకి చూశాడు.

"బాగున్నవా తమ్మీ?"

"బాగున్ననన్నా," అన్నాను.

ఆయన నా గోడ మీద అరచెయ్యి పెట్టి చూసి తల అడ్డంగా ఊపాడు.

"అబద్ధం. ఇరవై తొమ్మిదికి మించి ఉండది," అని సంచిలోంచి స్ప్రే సీసా తీశాడు.